బండిని ఆపడం వేరు, పట్టుకుపోవడం వేరు

రోడ్డు మీద వెళ్తున్న బండిని పోలీసులు ఆపారంటే, ఆ తర్వాత జరిగేవి చట్టం లెక్కలో నాలుగు వేర్వేరు పనులు. ఆపడం ఒకటి. కాగితాలు అడగడం రెండోది. డిక్కీ తెరిపించి, సీట్లు ఎత్తించి సోదా చేయడం మూడోది. బండినే స్వాధీనం చేసుకుని ఠాణాకు తరలించడం నాలుగోది. ఈ నాలుగింటికీ అధికారం ఒకే చోటి నుంచి రాదు. ఒక్కోదానికి ఒక్కో సెక్షన్, ఒక్కో షరతు. మొదటి పనికి అధికారం ఉన్నంత మాత్రాన నాలుగో పనికీ ఉన్నట్టు కాదు. తాగి నడిపినవారి బండ్ల విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పుకు పునాది ఈ తేడాయే.

ఆరాంఘర్ చౌరస్తా

ఈ తేడా ఎంత ముఖ్యమో ఆరాంఘర్ చౌరస్తాను చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. బెంగళూరుకు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి నుంచి శంషాబాద్ దారి పడుతుంది. మెహిదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్లు సాగివచ్చే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే నేలకు దిగుతుంది. 2025 జనవరిలో ప్రారంభమైన జూపార్క్ - ఆరాంఘర్ ఫ్లైఓవర్ పాతబస్తీ బండ్లను నాలుగు కిలోమీటర్ల దూరం మోసుకొచ్చి ఇక్కడే కలుపుతుంది. విమానం అందుకోవాలని పరుగెత్తే క్యాబులు, కాటేదాన్ కార్ఖానాల సరుకు లారీలు, కర్నూలు, అనంతపురం వైపు బస్సుల కోసం మూటాముల్లెతో నిలబడ్డ జనం, అందరూ ఈ నాలుగు దారుల మొగలోనే ఉంటారు. నగరంలోకి వచ్చే బండిని, నగరం విడిచిపోయే బండిని ఆపి చూడాలంటే పోలీసులకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

ఈ చౌరస్తాకు మరో విశేషం ఉంది. దేశంలోని ఐపీఎస్ అధికారులందరికీ శిక్షణనిచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఇక్కడికి దగ్గర్లోని శివరాంపల్లిలోనే ఉంది. మౌంట్ అబూలో 1948లో మొదలైన ఆ సంస్థ 1975లో ఇక్కడికి వచ్చింది. మరోపక్క రాజేంద్రనగర్ మండలంలోని బుద్వేల్ - ప్రేమావతిపేటలో వంద ఎకరాల్లో తెలంగాణ హైకోర్టు కొత్త భవన సముదాయానికి 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. పోలీసు అధికారాన్ని ఎలా వాడాలో నేర్పే సంస్థ, ఆ అధికారానికి హద్దు ఎక్కడో చెప్పే న్యాయస్థానం ఒకే ప్రాంతంలో కొలువుదీరుతున్నాయి.

తీర్పు వచ్చింది ఇలా

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ నగరవాసులకు కొత్త కాదు. రాత్రి పొద్దుపోయాక రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు నిలిపి, ఒక్కో బండిని నెమ్మదించేలా చేస్తారు. పోలీసు అధికారి బ్రీత్ అనలైజర్‌కు కొత్త గొట్టం తగిలించి ఊదమంటారు. డ్రైవర్ గుండెల నిండా ఊపిరి తీసి ఊదుతాడు. తెర మీద ఒక అంకె పడుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే తప్పు చేస్తే జైలు రెండేళ్ల దాకా, జరిమానా పదిహేను వేల దాకా పెరుగుతుంది. ఊదించి చూసే అధికారం 203వ సెక్షన్‌లో ఉంది. ఇంతవరకూ వివాదం లేదు.

వివాదమంతా ఆ తర్వాత జరిగే దాని మీదే. అంకె 30 దాటిందంటే బండి తాళం పోలీసుల చేతికి పోయేది. పక్క సీట్లో చుక్క ముట్టని భార్యో, స్నేహితుడో లైసెన్సుతో సహా ఉన్నా లాభం లేకపోయేది. బండి ఠాణాకు చేరేది, కేసు కోర్టులో తేలేదాకా అక్కడే ఉండేది. ఆ బండి మీదే బతికే క్యాబ్ డ్రైవర్‌కు ఇది జరిమానా కంటే పెద్ద శిక్ష. యజమాని ఒకరు, నడిపినవారు మరొకరు అయితే తప్పు చేయని మనిషి ఆస్తి ఇరుక్కుపోయేది. దీన్ని ప్రశ్నిస్తూ పలువురు హైకోర్టులో రిట్ పిటిషన్లు వేశారు. వాటన్నిటినీ కలిపి విచారించిన జస్టిస్ కె. లక్ష్మణ్ 2021లో తీర్పు చెప్పారు. డ్రైవర్ తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదన్నది దాని సారం.

చట్టం చదివితే ఈ నిర్ణయానికి ఆధారం కనబడుతుంది. బండిని నిలిపి ఉంచే అధికారం మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా దాని షరతులు దాటడం వంటివి అందులో పేరుపేరునా ఉన్నాయి. తాగి నడపడం ఆ జాబితాలో లేదు. 202వ సెక్షన్ ప్రకారం తాగి నడిపిన మనిషిని వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. అయితే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలిపెట్టాలి. బండి గురించి ఆ సెక్షన్ చెప్పేదల్లా, అవసరాన్ని బట్టి దానికి తాత్కాలిక ఏర్పాటు చేయమనే. తాత్కాలిక ఏర్పాటంటే నడిరోడ్డు మీద దిక్కులేకుండా వదలకుండా చూడటమే తప్ప, రోజుల తరబడి ఉంచుకోవడం కాదు.

తీర్పులోని ఆదేశాలు

హైకోర్టు అక్కడితో ఆగలేదు. రోడ్డు మీదున్న ఎస్సై ఏ వరుసలో ఏం చేయాలో చెప్పింది. తాగిన మనిషిని బండి నడపనివ్వకూడదు. ఇందులో మినహాయింపు లేదు. వెంట తాగని మనిషి, చెల్లే లైసెన్సుతో ఉంటే బండి వారికే అప్పగించి పంపాలి. అలాంటివారు లేకపోతే దగ్గరి బంధువుకో, స్నేహితుడికో కబురు చేసి పిలిపించాలి. ఎవరూ రాని పక్షంలోనే పోలీసులు బండిని తాత్కాలికంగా తమ సంరక్షణలోకి తీసుకుని దగ్గరి పోలీసు స్టేషన్‌కో, మరో భద్రమైన చోటికో చేర్చాలి.

ఆ తర్వాత యజమాని గానీ, ఆయన అధికారమిచ్చిన మనిషి గానీ ఆర్సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపిస్తే బండి తిరిగి ఇవ్వాలి. డ్రైవర్ మీదో, యజమాని మీదో కేసు నడపాల్సిందేనని పోలీసులు భావిస్తే, బండి తీసుకున్న మూడు రోజుల్లోగా మేజిస్ట్రేట్ ముందు అభియోగపత్రం పెట్టాలి. మేజిస్ట్రేట్లు కూడా ఆ గడువులోగా దాన్ని స్వీకరించాలి. ఈ ఆదేశాలను మీరితే కోర్టు ధిక్కరణ కింద చర్యలు తప్పవని కూడా హైకోర్టు హెచ్చరించింది.

తాగి నడిపేవారికి ఈ తీర్పు ఏ వెసులుబాటూ ఇవ్వలేదు. 185వ సెక్షన్ అలాగే ఉంది, కేసు అలాగే నడుస్తుంది, జైలూ జరిమానా అలాగే ఉన్నాయి. మనిషి చేసిన తప్పుకు మనిషిని కోర్టుకు పంపమన్నదే తప్ప, బండిని బందీ చేయమనలేదు. రాష్ట్రంలోని ప్రతి పోలీసు స్టేషన్ దీన్ని పాటించాల్సిందే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఇది నేరుగా కట్టడి చేయదు గానీ, అక్కడి హైకోర్టు ముందు ఆధారంగా చూపవచ్చు.

కాగితాల తనిఖీ

ఆపిన బండికి జరిగే రెండో పని కాగితాల తనిఖీ. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవర్ లైసెన్సు చూపాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. ఆర్సీ, బీమా, పర్మిట్ వంటివి కూడా అడగవచ్చు. కాగితమే కావాలని పట్టుబట్టే రోజులు పోయాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధనను సవరించాక డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న పత్రం కూడా చెల్లుతుంది. తెలంగాణ రవాణా శాఖ 2016లోనే ఆర్టీఏ ఎం-వాలెట్ తెచ్చి ఈ దారి చూపింది.

కాగితాలు సరిగ్గా ఉంటే ఈ పని అక్కడితో ముగిసింది. కాగితాలు అడిగే అధికారంలో డిక్కీ తెరిపించే అధికారం కలిసి ఉండదు.

సోదాకు కారణం కావాలి

నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం 2024 జులై 1 నుంచి మారింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. రెండింటిలోనూ 'స్థలం' అనే మాటకు ఇల్లు, భవనం, గుడారంతో పాటు వాహనం, ఓడ కూడా అర్థంగా చేర్చారు. అంటే దర్యాప్తులో భాగంగా ఇంటిని వెతకడానికి ఉన్న నియమాలే బండిని వెతకడానికీ వర్తిస్తాయి.

ఆ నియమాలు కొత్త సంహిత 185వ సెక్షన్‌లో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టంలో తాగి నడపడానికీ ఇదే అంకె కావడం యాదృచ్ఛికం. దీని ప్రకారం వారంట్ లేకుండా సోదా చేయాలంటే ముందుగా దర్యాప్తులో ఉన్న నేరం ఒకటుండాలి. దానికి కావలసిన వస్తువు ఫలానా చోట దొరుకుతుందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి. వారంట్ కోసం ఆగితే ఆలస్యమై పని చెడే పరిస్థితి ఉండాలి. ఆ కారణాలను అధికారి ముందే కేసు డైరీలో రాయాలి. ఆ రాతప్రతిని 48 గంటల్లోగా దగ్గరి మేజిస్ట్రేట్‌కు పంపాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది, అందుకు సెల్‌ఫోన్ చాలు. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు పెద్దమనుషులు పంచులుగా ఉండాలి. దొరికిన ప్రతి వస్తువునూ జాబితా రాసి పంచుల సంతకాలు తీసుకోవాలి. ఆ జాబితా నకలు సోదాకు గురైన వారికి ఇవ్వాలి. మహిళ ఒంటిని సోదా చేయాల్సి వస్తే మరో మహిళే, మర్యాదకు భంగం రాకుండా చేయాలి.

కొన్ని ప్రత్యేక చట్టాలు పోలీసులకు ఇంతకంటే విశాలమైన అధికారం ఇచ్చాయి. ఆయుధాల చట్టం 23వ సెక్షన్ కింద అక్రమ ఆయుధాల కోసం ఏ బండినైనా ఆపి వెతకవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి దొంగ బంగారంతో కారు బయటికొచ్చిందన్న అనుమానముంటే కస్టమ్స్ అధికారులు తమ చట్టంలోని 106వ సెక్షన్ కింద దాన్ని ఆపి సోదా చేయవచ్చు. గంజాయి, ఇతర మాదకద్రవ్యాలకు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. ఆంధ్ర - ఒడిశా సరిహద్దు మన్యం నుంచి హైదరాబాద్ మీదుగా మహారాష్ట్ర, కర్ణాటకలకు గంజాయి తరలుతుంది కాబట్టి, ఆరాంఘర్ రహదారి మీద ఎక్కువగా వినపడేది ఈ చట్టం పేరే.

అధికారం విశాలమైనకొద్దీ షరతులూ బిగుసుకున్నాయి. ఎన్‌డీపీఎస్ చట్టం 49వ సెక్షన్ అనుమానమున్న బండిని ఆపి, లోపలంతా గాలించి చూడనిస్తుంది. కానీ ముందస్తు సమాచారం అందితే దాన్ని కాగితం మీద పెట్టి, 72 గంటల్లోగా పై అధికారికి పంపాలని 42వ సెక్షన్ అడుగుతుంది. చీకటి పడ్డాక వారంట్ లేకుండా వెతకాలంటే కారణం రాయాలి. బహిరంగ స్థలానికి, ప్రజారవాణా బండికి ఈ షరతులు లేని 43వ సెక్షన్ ఉంది. మరి రోడ్డు మీదున్న సొంత కారు బహిరంగ స్థలం అవుతుందా? కాదని సుప్రీంకోర్టు 2021లో హర్యానాకు చెందిన బూటా సింగ్ కేసులో చెప్పింది. జీపులో గసగసాల కాయల పొట్టు బస్తాలు దొరికినా, 42వ సెక్షన్‌ను ఏమాత్రం పాటించలేదని నిందితులను విడిచిపెట్టింది. రాయాల్సిన చిన్న కాగితం రాయకపోతే మొత్తం కేసు కూలిపోతుందని దర్యాప్తు అధికారులకు ఇది పాఠం.

బండి సోదా, ఒంటి సోదా ఒకటి కావు. ఒంటి మీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు సోదా జరిపించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలని ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ శాసిస్తోంది. చేతిసంచి ఒంటిలో భాగం కాదని, దానికి ఈ సెక్షన్ వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఏ ఆధారమూ లేకుండా వేధించడానికే ఈ చట్టం కింద సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు విధించగలదు.

జేబులోని ఫోన్ సంగతి వేరే. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు బండ్లు ఆపి, యువకుల వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న దృశ్యాలు బయటికొచ్చి పెద్ద చర్చ నడిచింది. దానికి నాలుగేళ్ల ముందే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంత మేరకే ఉండాలి. దారినపోయే ప్రతివాడి ఫోన్ తెరిపించడం ఈ మూడు పరీక్షలకూ నిలవదు.

ఎన్నికల వేళ

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చెక్‌పోస్టుల రూపు మారిపోతుంది. యాభై వేల రూపాయలకు మించి నగదు తీసుకెళ్లకూడదన్న మాట అందరి నోటా వినపడుతుంది. ఎన్నికల సంఘం మార్గదర్శకం అసలు చెప్పేది అంతకంటే ఇరుకైనది. అభ్యర్థి, ఆయన ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త ఉన్న బండిలో యాభై వేలకు మించిన నగదు దొరికితే స్వాధీనం చేసుకోవచ్చు. తనిఖీని మొదటి నుంచీ వీడియో తీయాలి. పెళ్లి ఖర్చుకో, ఆసుపత్రి బిల్లుకో డబ్బు తీసుకెళ్లే కుటుంబం నుంచి పొరపాటున తీసుకుంటే, తిరిగి ఇచ్చేందుకు జిల్లాకో ముగ్గురు సభ్యుల కమిటీ ఉంటుంది. బ్యాంకు చీటీ, పెళ్లిపత్రిక, ఆసుపత్రి కాగితం వెంట ఉంటే పని త్వరగా తేలుతుంది.

ఠాణా ఆవరణలో తుప్పు

పోలీసు స్టేషన్ల ఆవరణల్లో ఒక దృశ్యం అందరికీ తెలిసిందే. గోడవారగా బైకులు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి. టైర్లలో గాలి పోయి రబ్బరు పగులుతుంది, సీటు చినిగి స్పాంజి బయటికొస్తుంది, చక్రాల ఆకుల మధ్య పిచ్చిమొక్కలు మొలుస్తాయి. కేసు తేలి యజమాని వచ్చేనాటికి మిగిలేది ఇనుప సామాను.

ఈ నష్టాన్ని చూసే సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో బండ్లను ఠాణాల్లో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని చెప్పింది. ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకుని మేజిస్ట్రేట్ వెంటనే తగిన ఉత్తర్వులివ్వాలని చెప్పింది. కొత్త సంహిత 497వ సెక్షన్ ఇదే బాటలో, కోర్టు ముందుకు వచ్చిన ఆస్తి వివరాలను 14 రోజుల్లో రాసి, ఫొటోనో వీడియోనో తీయించాలంటోంది. మాదకద్రవ్యాల కేసుల్లో బండి తిరిగి రాదన్న అపోహ చాలాకాలం ఉండేది. 2025 జనవరిలో అస్సాంకు చెందిన బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు దాన్ని తొలగించింది. ఎన్‌డీపీఎస్ చట్టంలో అలాంటి నిషేధమేదీ లేదని చెప్పి, నిందితుడు కాని యజమానికి లారీని తాత్కాలికంగా అప్పగించమంది.

సోదా తప్పని తేలితే

అక్రమంగా వెతికి పట్టుకున్న వస్తువు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుందా? మన దేశంలో చెల్లవచ్చు. 1973లో పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు, సోదాలో లోపమున్నంత మాత్రాన దొరికింది సాక్ష్యం కాకుండా పోదని చెప్పింది. అంతకుముందు 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది న్యాయమూర్తులు, సోదాల నుంచి రక్షణనిచ్చే అమెరికా నాలుగో సవరణ లాంటిది మన రాజ్యాంగంలో లేదన్నారు. అమెరికాలోనూ బండికి ఇంటికున్నంత రక్షణ లేదు. మద్యనిషేధం రోజుల్లో కారు సీటు లోపల దాచిన సీసాలు పట్టుబడిన కారల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1925లో, బండి నిమిషాల్లో మాయమైపోగలదు కాబట్టి తగిన కారణముంటే వారంట్ అక్కర్లేదని చెప్పింది. ఇంగ్లండ్‌లో 1984 నాటి చట్టం సోదాకు ముందే పోలీసు తన పేరు, స్టేషన్, ఎందుకు వెతుకుతున్నదీ చెప్పాలని కట్టడి చేసింది.

పూరణ్‌మల్ సూత్రానికి మన దగ్గర ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 50వ సెక్షన్ హక్కును చెప్పకుండా ఒంటి సోదా చేసి పట్టుకున్నదాని మీదే ఆధారపడితే శిక్ష నిలవదని తేల్చింది.

సామాన్యుడికి ఉన్న దారి, హైకోర్టులో రిట్ వేయనిచ్చే రాజ్యాంగం 226వ అధికరణం. డ్రంకెన్ డ్రైవ్ కేసుల్లో హైకోర్టు తలుపు తట్టినవారు వాడింది దాన్నే. దానికి ముందు రోడ్డు మీద చేయగలిగినవీ ఉన్నాయి. బండి ఆపమంటే ఆపాలి, తప్పించుకుని దూసుకుపోవడం వల్ల లేని అనుమానం పుడుతుంది. కాగితాలు అడిగితే చూపాలి. సోదా అంటే ఏ కేసులో, ఏ చట్టం కింద అని మర్యాదగా అడగాలి. ఏదైనా తీసుకుంటే జాబితా నకలు అడిగి తీసుకోవాలి. బండిని పట్టుకెళ్తే ఏ స్టేషన్‌కో, ఎందుకో రాసిమ్మనాలి. తాగి దొరికితే తాళం చేతికిచ్చేముందు ఇంటికి ఫోన్ చేసుకోనివ్వమని అడగాలి. ఈ ఆఖరిది దయ కాదు. తెలంగాణ హైకోర్టు తీర్పు ప్రకారం ఆ కబురు చేయించడం పోలీసుల బాధ్యత.